కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు

(కాటన్ జయంతి సభలో చేసిన ప్రసంగానికి రాతప్రతి)

సభకు నమస్కారం.

ఆనకట్ట గురించి మాట్లాడమని నన్ను పిలవలేదు. అందుకు నిర్వాహకులకు ముందుగా థాంక్స్ చెప్పుకోవాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి ఈ ఊళ్ళో, అందులోనూ ముందు వరసలో ఇంతమంది ఇరిగేషన్ ఇంజనీర్లు కూర్చుని ఉండగా నేను చెప్పబోతే అది హనుమంతుడి ముందు కుప్పిగంతులే. నేను ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. సర్ ఆర్థర్ కాటన్ చేసిన పనంతా మీకు వదిలేసి, ఆయన ఇంటిపేరు ఒక్కటీ నేను తీసుకున్నాను.

క్లాసులో పిల్లలు తరచుగా అడిగేవారు. "మాస్టారూ, వాళ్ళది పత్తి వ్యాపారమా?" అని. వాళ్ళ తప్పేం లేదు. కాటన్ అంటే మనకు చొక్కా, చీర, దూది. పైగా మన పక్కనే గుంటూరు పత్తి. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఇంగ్లండుకు రావడం ఆగిపోయినప్పుడు మన కాకినాడ రేవుకు ఎంత గిరాకీ వచ్చిందో మీకు తెలుసు. ఆ రేవు నుంచి వెళ్ళిన పత్తికి మార్కెట్లో 'కొకనాడాస్' అనే పేరే పడింది. కాలవలు తవ్వించిన దొర పేరు కాటన్, ఆ రోజుల్లోనే పడవలెక్కి వెళ్ళిన సరుకు కాటన్. ఎవరైనా రెండూ కలిపేసుకుంటారు.

కానీ ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు. వినడానికి ఒకలా ఉన్నాయి, అంతే.

బట్ట సంగతి ముందు తేల్చేద్దాం. దూది అనే అర్థంలో ఉన్న మాట అరబ్బీ 'ఖుత్న్'. అరబ్బులతో పాటు అది స్పెయిన్ చేరింది. అక్కడ అరబ్బీ 'అల్' ముందు తగిలించుకుని 'అల్గొడోన్' అయింది. ఫ్రెంచిలో 'కొతొన్' అయింది. ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి పదమూడు, పద్నాలుగు శతాబ్దాలు. అప్పటి ఇంగ్లండు గొర్రెల దేశం. కట్టుకునేది ఉన్ని, అమ్ముకునేది ఉన్ని. దూది అంటే ఎక్కడో దూరదేశం నుంచి వచ్చే సరుకు. ఇక దొర ఇంటిపేరు చూడండి. అది ఇంగ్లండులో కోటన్, కాటన్ అనే ఊళ్ళ పేరు నుంచి వచ్చింది. 1086లో విలియం రాజు దేశమంతా లెక్కలు రాయించాడు. ఏ ఊరు ఎవరిది, ఎన్ని నాగళ్ళు, ఎందరు మనుషులు అని. దాన్నే డూమ్స్‌డే పుస్తకం అంటారు. ఈ ఊళ్ళు అప్పటికే అందులో ఉన్నాయి. దూది అనే మాట ఆ దేశంలో అడుగుపెట్టక ముందే ఊళ్ళకు పేర్లు పెట్టేశారన్నమాట. పత్తి వాదం అక్కడితో చెల్లిపోయింది.

మరి ఆ పేరుకు అర్థం ఏమిటి?

పాత ఇంగ్లిష్‌లో 'కోట్' అంటే గుడిసె. మన జిల్లా మాటలో చెప్పాలంటే పాక. మనుషులుండే పాక కావచ్చు, గొర్రెల్ని తోలే కొట్టం కావచ్చు. పావురాల గూటిని ఇప్పటికీ ఇంగ్లిష్‌లో 'డవ్‌కోట్' అంటారు, అందులో ఉన్నది ఈ మాటే. సరే, 'కోట్' దొరికింది. మరి చివరి 'అన్' ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంగ్లిష్ ఊరి పేర్లు కొంచెం తెలిసినవాళ్ళు వెంటనే 'టన్' అంటే టౌన్ కదండీ అంటారు. వాషింగ్టన్, ప్రెస్టన్ లాంటి చోట్ల అది నిజమే. అన్ని చోట్లా కాదు. బోస్టన్‌లో ఉన్న 'టన్' అసలు 'స్టోన్', రాయి. బోటల్ఫ్ అనే సాధువు పేరిట ఉన్న రాయి. కాటన్‌లో ఉన్న 'టన్' టౌనూ కాదు, రాయీ కాదు. అందులో 'ట' గుడిసెది, మిగిలిన 'అన్' విభక్తి.

అవునండీ, విభక్తి ప్రత్యయం. ఇప్పటి ఇంగ్లిష్‌లో నామవాచకానికి విభక్తి అంటే అపాస్ట్రఫీ 'ఎస్' ఒక్కటే మిగిలింది. వెయ్యేళ్ళ కిందట అలా లేదు. సంస్కృతంలో లాగా నామవాచకానికి చివర ప్రత్యయాలు మారేవి. 'ఎట్' అనే మాట వాడితే, అంటే ఫలానా చోట, ఫలానా దగ్గర అంటే, దాని తర్వాత వచ్చే బహువచనానికి చివర 'ఉమ్' చేరాలి. గుడిసెల దగ్గర అనాలంటే 'ఎట్ కోటుమ్'. "ఎక్కడుంటున్నావ్?" అంటే "గుడిసెల దగ్గర". "ఎక్కడికెళ్ళి వస్తున్నావ్?" అన్నా గుడిసెలే. అలా అనీ అనీ, అదే ఊరి పేరై కూర్చుంది. కాలక్రమంలో 'ఎట్' రాలిపోయింది. 'ఉమ్' అనేది 'అన్' అయింది. కోటుమ్, కోటన్, కాటన్. అదే కాలంలో 'కోటెన్' అని ఇంకో రకం బహువచనం కూడా వాడుకలోకి వచ్చి కొన్నిచోట్ల ఈ మార్పుకు సాయపడింది.

ఇది మీకు వింతగా అనిపిస్తే, ఒక్కసారి మన ఇంటిపేర్లు చూసుకోండి. ఈ ఊరి వీరేశలింగం గారి ఇంటిపేరు కందుకూరి. ఊరి పేరేమో కందుకూరు. వేటూరు ఊరు, వేటూరి ఇంటిపేరు. గరికపాడు ఊరు, గరికపాటి ఇంటిపేరు. చివర ఎందుకు మారింది? ఊరు అనే మాట మనకు ఔపవిభక్తికం, అంటే విభక్తి చేరేముందు చివర మారే మాట. ఊరు, ఊరిలో, ఊరికి, ఊరి మనిషి. పాడుకు పాటి. 'కందుకూరికి చెందిన వీరేశలింగం' అనే వాక్యం అరిగి అరిగి, విభక్తి ముందు వచ్చే ఆ ఇకారం మాత్రం ఇంటిపేరులో ఉండిపోయింది. మనం రోజూ సంతకంలో విభక్తి రాసుకుంటూ ఆ సంగతే మర్చిపోయాం. ఇంగ్లిష్ వాళ్ళూ అంతే. 'కాటన్' అని సంతకం పెట్టినప్పుడల్లా వాళ్ళు 'గుడిసెల దగ్గర' అని రాస్తున్నారు. అందులో ఒక్క తేడా ఉంది. మనకు విభక్తి ఇంటిపేరులోనే ఉంది, ఊరు ఊరుగానే ఉంది. వాళ్ళకు ఊరి పేరులోనే విభక్తి గడ్డకట్టింది.

కొన్ని ఇంగ్లిష్ ఇంటిపేర్లలో ఆ 'ఎట్' కూడా రాలిపోకుండా నిలిచింది. మనకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు బ్రిటన్ ప్రధాని ఎవరు? అట్లీ. 'అట్టే లీ', పచ్చికబయలు దగ్గర అని. ఎట్‌వుడ్ అంటే అడవి దగ్గర. నాష్ అనే పేరు ఇంకా సరదా అయినది. 'అట్టెన్ ఆష్', ఆష్ చెట్టు దగ్గర. ముందు మాటలోని 'న' జారి వచ్చి చెట్టుకు అతుక్కుంది, నాష్ అయింది. ఇలాంటి సంధులు మన చిన్నయసూరికి చూపిస్తే ఒక సూత్రం రాసి ఉండేవాడు.

ఇంగ్లండులో గుడిసెల ఊళ్ళు బోలెడు. కేంబ్రిడ్జికి పడమట కోటన్ అనే ఊరుంది, అక్కడివాళ్ళు 'కో' అనే పలుకుతారు. వారిక్‌షైర్‌లో, స్టాఫర్డ్‌షైర్‌లో, ష్రాప్‌షైర్‌లో కూడా కోటన్‌లున్నాయి. ఉత్తరాన రెడ్‌కార్ దగ్గర సముద్రం ఒడ్డున కోథమ్ ఉంది. అక్కడ పాత 'ఉమ్' దాదాపు అలాగే మిగిలింది గానీ, బర్మింగ్‌హామ్‌లో ఉండే 'హామ్' లాంటిదేమో అనుకుని స్పెల్లింగులో ఒక 'హెచ్' ఇరికించారు. గుర్రప్పందాల ఆస్కాట్ మీకు తెలుసు. తూర్పు గుడిసె అని దానర్థం. రాణిగారు టోపీ పెట్టుకుని వచ్చే చోటు పేరు తూర్పు గుడిసె. డిడ్‌కాట్, డడ్డా అనేవాడి గుడిసె. ప్రెస్కాట్, పూజారి గుడిసె. కాల్డెకోట్ అని చాలాచోట్ల ఉంటుంది, చలి గుడిసె. పొయ్యి లేని పాక, దారిన పోయేవాళ్ళు తలదాచుకునే చోటు అయి ఉంటుందని పండితుల మాట.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, అది చెప్పకపోతే నా ప్రసంగం విని రేపు మీరు ఎవరి మీదైనా పందెం కాసి ఓడిపోతారు. సఫోక్ జిల్లాలో ఇప్పుడు కాటన్ అనే రాసే ఊరు ఒకటి ఉంది. అది గుడిసెల ఊరు కాదు. డూమ్స్‌డే పుస్తకంలో దాని పేరులో 'డ' ఉంది, కోడెటున అని. కోడ్డా అనే ఆసామి పొలం, అతని ఊరు అని దానికి అర్థం చెప్తారు. అంటే అక్కడ 'టన్' నిజంగానే టౌన్. కాలం గడిచేసరికి రెండు వేరు వేరు పేర్లు ఒకే స్పెల్లింగులోకి వచ్చి పడ్డాయి. అందుకే ఊరి పేరుకు అర్థం చెప్పేవాడు ఇవాళ్టి పేరు చూసి చెప్పకూడదు, దొరికిన అతి పాత రాత చూడాలి. రాజమండ్రిలో 'మండ్రి' ఏమిటా అని బుర్ర బద్దలు కొట్టుకుంటే ఏమొస్తుంది, రాజమహేంద్రవరం అని పాత రాత చూస్తే తప్ప? మనకు శాసనాలు ఎలాగో వాళ్ళకు డూమ్స్‌డే, దానపత్రాలు, కోర్టు రికార్డులు అలాగ. 1923లో ఇంగ్లిష్ ప్లేస్‌నేమ్ సొసైటీ అని ఒకటి పెట్టుకుని, జిల్లా తర్వాత జిల్లా, పొలాల పేర్లు కూడా వదలకుండా ఇదే పని ఇంకా చేస్తున్నారు. మన దగ్గర ఊరి పేరు అడిగితే పాండవులు వచ్చి పడుకున్నారనో, సీతమ్మ చీర ఆరేసుకుందనో కథ చెప్తాం. ఆ కథలు నాకూ ఇష్టమే, కానీ అవి చరిత్ర కావు.

ఊరి పేరు మనిషికి ఎప్పుడు తగులుకుంది? 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. వాళ్ళలో పెద్దలకు భూముల పేర్లు పెట్టుకునే అలవాటుంది. 'డి' అని ముందు పెట్టి ఫలానా ఊరివాడు అని రాసుకునేవారు. మామూలు జనానికి అది నెమ్మదిగా పాకింది. పన్నెండో శతాబ్దం నుంచి పద్నాలుగో శతాబ్దం దాకా పట్టింది. 1377, 1379, 1381లో తలపన్ను వేసినప్పుడు ఊళ్ళో పది మంది జాన్‌లు ఉంటే గుమాస్తా ఏ జాన్ అని రాయాలి? కమ్మరి జాన్, విలియం కొడుకు జాన్, ఎర్రజుట్టు జాన్, కోటన్ నుంచి వచ్చిన జాన్. మనకు తెలిసిన దొరల్నే తీసుకోండి. సి.పి.బ్రౌన్‌ది రంగును బట్టి వచ్చిన పేరు. కైఫీయతులు సేకరించిన మెకంజీది తండ్రి పేరు, కెనెత్ కొడుకు అని. మన కాటన్‌ది ఊరి పేరు. ఒక తమాషా గమనించండి. సొంత ఊళ్ళో ఉన్నవాడికి ఊరి పేరు ఎవరూ పెట్టరు. అందరూ కోటన్ వాళ్ళే అయిన చోట 'కోటన్ జాన్' అంటే ఎవరో తెలియదు. ఊరు వదిలి వేరే చోటికి వెళ్ళినవాడికే ఆ పేరు అతుకుతుంది. మన కందుకూరి వారు కందుకూరులో కాకుండా గోదావరి ఒడ్డున కనిపించడంలో ఉన్న రహస్యం కూడా ఇదే.

గుడిసెల ఊళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి కాటన్‌లు అందరూ ఒకే వంశం కాదు. మన దగ్గర ఇంటిపేరు ఒకటైతే సంబంధం మాట ఎత్తం, ముందు గోత్రం అడుగుతాం. వాళ్ళకు ఆ టెన్షన్ లేదు.

మన ఆర్థర్ కాటన్ వంశం మూలం ష్రాప్‌షైర్‌లోని కోటన్ అని వంశ చరిత్రల్లో రాసుకున్నారు. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలన్నీ మూసేసి భూములు పంచిపెట్టినప్పుడు చెషైర్‌లోని కాంబర్‌మియర్ అనే మఠం 1539లో ఆయన కొలువులో ఉన్న జార్జ్ కాటన్‌కు దక్కింది. మియర్ అంటే చెరువు. పెద్ద చెరువు పక్కన కట్టిన మఠం అది. అప్పటినుంచి వీళ్ళు కాంబర్‌మియర్ కాటన్‌లు. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాపతి స్టేపుల్టన్ కాటన్, అంటే లార్డ్ కాంబర్‌మియర్, మన ఆర్థర్‌కు పెదనాన్న కొడుకు. ఒకాయన కోట పడగొట్టడానికి వచ్చాడు, ఒకాయన ఆనకట్ట కట్టడానికి వచ్చాడు.

ఇప్పుడు అసలు చమత్కారం చెప్తాను. ఇంతసేపూ ఈ పేరులో పత్తి లేదని మీకు చెప్పాను కదా. మరి కాంబర్‌మియర్ కాటన్‌ల వంశ చిహ్నం చూడండి. నీలం రంగు డాలు. మధ్యలో తిరగేసిన 'వి' ఆకారంలో ఒక వెండి పట్టీ. దాని పైన రెండు, కింద ఒకటి, మొత్తం మూడు తెల్లటి ముడులు నిలువుగా వేలాడుతుంటాయి. ఏమిటవి? నూలు చిలపలు. మన చేనేతవాళ్ళు రాట్నం మీద నుంచి తీసి కట్టే చిలపలు, అచ్చంగా అవే. పత్తి నూలు చిలపలు!

అంటే వాళ్ళే పప్పులో కాలేశారా? కాదు. ఇంగ్లిష్ వంశ చిహ్నాల్లో శ్లేష ఒక పెద్ద సంప్రదాయం. పేరు ఎలా వినబడితే ఆ బొమ్మ వేసేస్తారు, అర్థంతో పనిలేదు. గుడిసె బొమ్మ వేసుకునే ప్రభువు ఎవడుంటాడు? డూమ్స్‌డే లెక్కల్లో ఈ గుడిసెల్లో ఉండేవాళ్ళకు ఒక తరగతి పేరుంది, 'కొటారీ' అని. ఊళ్ళో అందరికన్నా అట్టడుగు రైతులు వాళ్ళు. నాలుగైదు ఎకరాలు కూడా ఉండవు, చాలామందికి పెరడు మాత్రమే. వారంలో ఒకటి రెండు రోజులు దొర పొలంలో కూలి లేకుండా పనిచేయాలి. ఆ మనుషుల పాకల పేరును ప్రభువులు ఇంటిపేరుగా పెట్టుకున్నారు, డాలు మీద మాత్రం ఖరీదైన నూలు వేయించుకున్నారు. నాకైతే గుడిసె బొమ్మే బాగుండేదనిపిస్తుంది. ముఖ్యంగా 1833 నాటి కరువులో గుడిసెలు ఖాళీ అయిపోయిన ఈ డెల్టాకు వచ్చిన మనిషికి.

ఈ పేరుతో ఇంకొకాయన ఉన్నాడు. ఆయన గురించి చెప్పకుండా కూర్చుంటే నా చదువు నన్ను క్షమించదు. సర్ రాబర్ట్ కాటన్, 1571లో పుట్టి 1631లో పోయాడు. పాత రాతప్రతులు పోగేయడం ఆయన పిచ్చి. మఠాలు మూతపడ్డాక అక్కడి పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి, కొన్ని చిత్తు తోలుగా అమ్ముడయ్యాయి. అలాంటివాటిని ఆయన వెతికి వెతికి తెచ్చాడు. ఆయన గదిలో బీరువాల మీద రోమన్ చక్రవర్తుల తలలు ఉండేవి. పుస్తకానికి నంబరు ఆ తల పేరుతోనే. నీరో, 'డి' అర, నాలుగో పుస్తకం అంటే లిండిస్‌ఫార్న్ సువార్తలు. లాటిన్ పంక్తుల మధ్య ఖాళీలో పదో శతాబ్దంలో ఆల్‌డ్రెడ్ అనే పూజారి చిన్న అక్షరాలతో ఇంగ్లిష్ అర్థం రాశాడు, మన ప్రతిపదార్థ టీక లాగే. ఇంగ్లిష్‌లో మిగిలిన అతి పాత సువార్త అనువాదం అదే. విటెలియస్, 'ఎ' అర, పదిహేనో పుస్తకం అంటే పాత ఇంగ్లిష్ కావ్యం బేవుల్ఫ్. ఆ కావ్యానికి ప్రపంచంలో మిగిలింది ఆ ఒక్క ప్రతే.

1731 అక్టోబరు 23 రాత్రి ఆ పుస్తకాలున్న ఇంటికి నిప్పంటుకుంది. కిటికీల్లోంచి పుస్తకాలు బయటికి విసిరి కాపాడారు. బేవుల్ఫ్ బతికింది గానీ అంచులు మాడిపోయాయి. ఆ తర్వాత చెయ్యి తగిలినప్పుడల్లా అంచున ఒక్కో అక్షరం పొడిగా రాలిపోయేది. 1845లో ఒక్కో ఆకును విడదీసి, చుట్టూ కాగితం చట్రం కట్టి అతికించారు. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఆ పేజీ చూస్తే, గోధుమ రంగు తోలు చుట్టూ తెల్లటి కాగితం, దాని కింద దాక్కున్న సగం అక్షరాలు. 'ఎట్ కోటుమ్' అనే రెండు మాటల్ని ఇవాళ మనం విడమర్చి చెప్పగలుగుతున్నామంటే, ఆ భాష మిగలడానికి కారణమైనవాళ్ళలో ఈ కాటన్ ఒకడు. తన పేరుకు అర్థం చెప్పే భాషను తన బీరువాలోనే దాచుకున్నాడు.

అమెరికాకు వెళ్ళిన కాటన్‌లు కూడా ఉన్నారు. బోస్టన్‌లో జాన్ కాటన్ అనే మతబోధకుడు పేరుమోశాడు. ఆయన కూతురి కొడుకుకు తాతగారి ఇంటిపేరే మొదటి పేరుగా పెట్టారు. కాటన్ మాథర్. 1721లో మశూచికి టీకా లాంటిది వేయించాలని పోరాడి తిట్లు తిన్నాడు. ఇంటిపేరు అలా పెట్టుడు పేరు కూడా అయింది.

చివరిగా మన ఘాట్ దగ్గరికి వద్దాం. గోదావరి స్నానం చేస్తూ మన పంతులుగార్లు చెప్పే శ్లోకంలో 'కాటనుం తం భగీరథం' అని ఉంది. ఆ కాటన్‌కు ద్వితీయా విభక్తి తగిలించారు, కాటనుం. ఆలోచించండి. పాత ఇంగ్లిష్‌లో విభక్తితో 'కోటుమ్' అని పుట్టిన మాట అది. ఆ 'ఉమ్' ఇంగ్లండులో వెయ్యేళ్ళ కిందటే అరిగిపోయింది. ఇక్కడ ఎవరో పండితుడు సంస్కృతం ప్రకారం మళ్ళీ 'ఉం' పెట్టాడు. కాకతాళీయమే, రెండు విభక్తులకూ సంబంధం లేదు. కానీ ఒక పేరు రెండు వ్యాకరణాలు మోస్తూ రేవులో మునగడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

చీటీలు రెండు వచ్చాయి. మొదటిది, 'కాటేజ్ అనే మాటకు దీనితో చుట్టరికం ఉందా?' ఉంది. సొంత అక్కాచెల్లెళ్ళు. అదే 'కోట్'కు ఫ్రెంచి వాళ్ళ 'ఏజ్' తోక తగిలిస్తే కాటేజ్.

రెండోది వెనక నుంచి ఒక చెల్లెమ్మ పంపింది. 'మరి హాస్టల్లో పడుకునే కాట్ కూడా ఇదేనా?' మంచి ప్రశ్న. కాదమ్మా. ఆ కాట్ ఇంగ్లిష్ వాళ్ళది కాదు, మన దేశం నుంచే వెళ్ళింది. హిందీ 'ఖాట్', దాని వెనక సంస్కృతం 'ఖట్వా'. సంస్కృతానికి కూడా అది ద్రావిడ భాషల నుంచే వచ్చిందనే పండితులున్నారు. తమిళంలో మంచాన్ని ఇప్పటికీ 'కట్టిల్' అంటారు. కంపెనీ నౌకర్లు ఇక్కడ నులక మంచం మీద పడుకుని, మాట పట్టుకెళ్ళి వాళ్ళ నిఘంటువులో వేసుకున్నారు. కాబట్టి మీ హాస్టల్ కాట్ మీద కాటన్ దుప్పటి వేసుకుంటే, మంచం మనది, దుప్పటి పేరు అరబ్బులది. ఇంగ్లిష్ వాళ్ళది కావాలంటే కాటేజ్ అద్దెకు తీసుకోవాలి.